ఆస్పిరిన్, అరటికాయ, మా బాబాయి

ఇక్కడ ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో, వంశపారంపర్య జబ్బుల గురించి సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ మా వంశవృక్షం గీసింది. మగవాళ్లకి చదరాలు, ఆడవాళ్లకి సున్నాలు, పోయినవాళ్ల మీద అడ్డగీత. క్యాన్సర్ వచ్చినవాళ్లని నల్లగా నింపింది. అమ్మ వైపంతా తెల్లగానే ఉంది. నాన్న వైపు నాన్న, పెద్దత్త, తాతయ్య ముగ్గురూ నలుపే. తాతయ్య తమ్ముడి సంగతేంటని అడిగితే రాజమండ్రికి ఫోన్ కొట్టాను. "కడుపులో గడ్డన్నారే, అంతకుమించి అప్పట్లో ఎవరు చెప్పారు" అంది అమ్మ. ఆ చదరంలో ప్రశ్నార్థకం పడింది.

మాది లించ్ సిండ్రోమ్. డీఎన్ఏ నకలవుతున్నప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దే జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటుంది. పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు చిన్నవయసులోనే వచ్చే ప్రమాదం ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం.

మాలాంటివాళ్ల మీదే న్యూకాజిల్ ప్రొఫెసర్ జాన్ బర్న్ బృందం కాప్2 అనే పరిశోధన చేసింది. 861 మందిలో దాదాపు సగం మందికి రోజూ 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. 2008లో లెక్క చూస్తే తేడా ఏమీ కనబడలేదు. నన్నడిగితే ఈ పరిశోధన గొప్పతనమంతా ఆ తర్వాతే ఉంది. పనికిరాలేదని ఫైలు కట్టేయకుండా, మాత్రలు ఆపేసిన జనాన్ని కూడా ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. 2020లో వచ్చిన లెక్క: ఆస్పిరిన్ వేసుకున్న 427 మందిలో 40 మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, వేసుకోని 434 మందిలో 58 మందికి.

అదే పరిశోధనలో కొందరికి జీర్ణం కాని పిండిపదార్థం పొడి కూడా ఇచ్చారు, రోజుకో పచ్చి అరటిపండు తిన్నంత అన్నమాట. పెద్దపేగుకి దానివల్ల ఒరిగిందేమీ లేదు. కానీ జీర్ణాశయం, క్లోమం లాంటి పైభాగాల క్యాన్సర్లు పొడి తీసుకోనివాళ్లలో 21 మందికొస్తే, తీసుకున్నవాళ్లలో 5 మందికే వచ్చాయి. అమ్మకి ఇది చెప్పడం ఆలస్యం, "రోజూ అరటికాయ వేపుడు చేసుకోవే" అని మొదలెట్టింది. వండితే ఆ గుణం చాలావరకు పోతుందంటే ఆవిడకి నచ్చలేదు.

నేను చేరింది దాని తర్వాతిదైన కాప్3లో. 100, 300, 600 మిల్లీగ్రాముల్లో ఏ మోతాదు చాలో తేల్చడానికి. నాకే మోతాదు పడిందో నాకూ తెలీదు, ఇచ్చేవాళ్లకీ తెలీదు. సంతకం పెట్టిన కాగితంలో, మాత్రలయ్యాక కూడా నా ఆరోగ్య రికార్డులు చూసుకోవచ్చన్న ముక్క ఉంది. 2008 తర్వాతి కథ తెలుసు కాబట్టి అన్నిటికంటే దాని దగ్గరే ఇష్టంగా సంతకం పెట్టాను.

ఇక బాబాయి. జన్యుపరీక్ష పేరెత్తితే చాలు, "పిల్లకి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడెందుకమ్మడూ" అంటాడు. కోపమొస్తుంది గానీ, పెళ్లిచూపుల్లో మనవాళ్లు ఎంతెంత ఆరా తీస్తారో నాకూ తెలుసు. మొన్న వాట్సాప్‌లో మెసేజ్: "గుండెకని ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నాగా, అది చాలదా?" ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరినే. చాలదు బాబాయ్, కొలనోస్కోపీకి, అంటే గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకి, అది బదులు కాదు, నీ అంతట నువ్వు మోతాదు పెంచావంటే కడుపులో రక్తం పోతుంది అని రాశాను. రెండ్రోజులు పలకలేదు. తర్వాత పిన్ని ఫోన్ చేసింది. కాకినాడలో కొలనోస్కోపీకి ఒప్పుకున్నాడట, పెళ్లయ్యేదాకా ఆ జన్యుపరీక్ష మాట నేనెత్తకూడదన్న షరతు మీద.