ఒక గడి, ఒక్క పేరు

మంగళవారం. పర్లాకిమిడి, ఒడిశా.

లెక్కల సారు సెలవు పెట్టడంతో ఎనిమిదో తరగతికి వరసగా రెండు పీరియడ్లూ నేనే వెళ్లాను. ఇలాంటప్పుడు పిల్లలు ఆటలకు వదిలేయమని బతిమాలడం ఆనవాయితీ. బయట ముసురు పట్టి ఉండటంతో ఈ రోజు ఆ గొడవ లేదు. కర్మణి వాక్యాలు చెప్పేద్దామని ఆవిష్కరణల పాఠం తీశాను.

ఇంగ్లీషు అభ్యాసాల పుస్తకం ఏది తెరిచినా ఈ పాఠం వెనక ఒకే పట్టిక ఉంటుంది. ఎడమవైపు వస్తువు, మధ్యలో మనిషి, కుడివైపు సంవత్సరం. టెలిఫోను, బెల్, 1876. బల్బు, ఎడిసన్, 1879. ఆవిరి యంత్రం, వాట్, 1769. రేడియో, మార్కోని. నేను చదువుకున్న రోజుల్లోనూ ఇదే. ఆ తర్వాత చేరిందల్లా మొబైల్ ఫోను, మార్టిన్ కూపర్, 1973 అన్న ఒక్క వరస. పిల్లలు గీతలు గీసి జతపరచాలి, ఆపై ఫలానా వస్తువు ఫలానావారి చేత కనిపెట్టబడిందని వరసగా రాయాలి. మార్కులు సులువుగా వస్తాయి కాబట్టి ఎవరూ దీనిమీద ఫిర్యాదు చేయరు. తరగతి మొత్తం నిద్రపోవడానికి కూడా ఇంతకు మించిన సాధనం లేదు.

అందుకని ముందు ఆటతో మొదలుపెట్టాను. చీటీల మీద వస్తువుల పేర్లు రాసి, ఎవరి వీపుకు ఏది అంటించానో వాళ్లకు తెలియకుండా గుండుసూదులతో తగిలించాను. అందరూ గదంతా తిరుగుతూ ఒకరినొకరు ఇంగ్లీషులో ప్రశ్నలు వేసి తమ వీపు మీద ఏముందో కనుక్కోవాలి. జవాబు అవును, కాదు, అంతే. నేను కరెంటుతో నడుస్తానా? నేను వంటింట్లో ఉంటానా? నన్ను జేబులో పెట్టుకోవచ్చా? మా తరగతిలో సగం మంది ఇళ్లలో తెలుగు, మిగతావాళ్ల ఇళ్లలో ఒడియా. హాస్టలు నుంచి వచ్చే కొండ ఊళ్ల పిల్లలు తమలో తాము సవరలో మాట్లాడుకుంటారు. బడి నడిచేది ఒడియాలో. ఇన్నింటి మీద మళ్లీ ఇంగ్లీషు. అయినా ఈ ఆటలో భాషల పంచాయితీ రాదు, ఎందుకంటే ఎవరికి వాళ్లకు తమ వీపు మీద ఏముందో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంటుంది. తప్పో ఒప్పో, అడిగి తీరాలి. పక్క తరగతి టీచరు రెండుసార్లు తొంగి చూసి వెళ్లింది.

ప్రెషర్ కుక్కరు చీటీ పడిన కుర్రాడు అందరికన్నా ఆలస్యంగా తేలాడు. తను కొత్త యంత్రమో పాత యంత్రమో తేల్చుకోలేకపోయాడు. కొందరు కొత్తది అన్నారు, ఇంకొందరు అమ్మమ్మ ఇంట్లోనూ ఉందన్నారు. చివరికి ‘దీదీ, పాతదా కొత్తదా?’ అని నన్నే అడిగాడు. ఇక్కడ తెలుగింటి పిల్లలు కూడా బడిలో టీచరును దీదీ అనే పిలుస్తారు. 1679 అని బోర్డు మీద రాశాను. ఎవరూ నమ్మలేదు.

అక్కడి నుంచి పాఠం నా ప్రణాళికలో లేని దారి పట్టింది, నేనూ ఆపలేదు. 1679లో డెనీ పాపాఁ అనే ఫ్రెంచి ఆయన లండనులో మూత బిగించిన కుండలో ఎముకలు సైతం మెత్తబడేలా ఉడికించి చూపాడు. ఆవిరి ఎక్కువై కుండ పేలిపోకుండా బరువుతో అదిమి ఉంచే కవాటం పెట్టాడు. మన కుక్కరు మీద కూర్చునే బరువుకు అదే పూర్వీకురాలు. ఆవిరి మూతను ఎత్తగలిగితే ఇంకేదైనా ఎత్తగలదు కదా అన్న ఆలోచన ఆయనకు వచ్చింది. గొట్టంలో కదిలే ముషలకం, అంటే పిస్టన్ గురించి రాశాడు గానీ, పనికొచ్చే యంత్రం ఆయన చేతుల మీదుగా రాలేదు. 1712లో న్యూకమెన్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి బొగ్గు గనిలోంచి నీళ్లు తోడే యంత్రం నిలబెట్టాడు. మరో యాభై ఏళ్లకు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ దగ్గరికి ఆ న్యూకమెన్ యంత్రం నమూనా ఒకటి మరమ్మతుకు వచ్చింది. ప్రతిసారీ సిలిండరును వేడి చేయడం, చల్లార్చడం, మళ్లీ వేడి చేయడం వల్లే బొగ్గంతా తగలబడిపోతోందని ఆయన కనిపెట్టి, ఆవిరిని చల్లార్చే గదిని వేరు చేశాడు. 1769లో దానికే పేటెంటు దక్కింది. మన పట్టికలో ఉన్న సంవత్సరం అదే.

‘అంటే వాట్ మెకానిక్కా?’ అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు. వాళ్ల నాన్న మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. అవునన్నాను. కుర్రాడు పక్కవాడి వైపు చూసిన చూపు చూడాల్సిందే.

ఇప్పుడు మధ్య గడిలో ఏం రాయాలని అడిగాను. వాట్ అన్నారు కొందరు, న్యూకమెన్ అన్నారు ఇంకొందరు. కుక్కరు కుర్రాడు తనవాడైన పాపాఁను వదలనన్నాడు. ముగ్గురికి మూడు క్రియలు వెతకండి అన్నాను. ఒకాయన ఊహించాడు, ఒకాయన కట్టాడు, ఒకాయన మెరుగుపరిచాడు. ఆ మూడు క్రియల కోసం నిఘంటువు మీద పడ్డారు. ఏడాది పొడవునా ‘కనిపెట్టబడింది’ ఒక్కటే రాసే పిల్లలకు ఇది కొత్త. పట్టికల మీద నా కోపమంతా ఇదే. గడి చిన్నది కాబట్టి అందులో ఒక్క పేరే పడుతుంది, దానికి ఒక్క క్రియే సరిపోతుంది. చరిత్రా పోతుంది, భాషా పోతుంది.

రేడియో దగ్గర నిజంగానే గొడవైంది. ఒకమ్మాయి తన జనరల్ నాలెడ్జి పుస్తకంలో జగదీశ్ చంద్రబోస్ అని ఉందని లేచి నిలబడింది. మార్కోని పక్షం వాళ్లు ఊరుకోలేదు. ఇంగ్లీషులోనే పోట్లాడాలని నియమం పెట్టాను. దాంతో పోట్లాట నెమ్మదించింది గానీ ఆగలేదు. బోస్ 1890ల్లో కోల్‌కతాలో గోడల అవతలికి తరంగాలు పంపి గంట మోగించాడు. పేటెంట్ల మీద ఆయనకు ఆసక్తి లేదు. మార్కోని పేటెంటు తీసుకుని, సంస్థ పెట్టి, 1901లో అట్లాంటిక్ మహాసముద్రం ఆవలికి సంకేతం అందించాడు. 1909లో నోబెల్ అందుకున్నప్పుడు కూడా ఆయన ఒక్కడే కాదు, జర్మనీకి చెందిన బ్రౌన్‌తో కలిసి పంచుకున్నాడు. ఈ మాత్రం చెప్పి తీర్పు వాళ్లకే వదిలేశాను. టెలిఫోను సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాను. 1876 ఫిబ్రవరి 14న బెల్ తరఫు కాగితాలు, ఎలిషా గ్రే తరఫు కాగితాలు ఒకే రోజున పేటెంటు కార్యాలయానికి చేరాయి. పిల్లలకు పరుగు పందెం కథల కన్నా ఇలాంటివి నచ్చుతాయి.

రెండో పీరియడులో పట్టికకు మీరే ఒక వరస చేర్చండి అన్నాను. ఎక్కువమంది క్రికెట్ బ్యాటు, చాక్లెట్ లాంటివి రాశారు. ఒకడు చంద్రయాన్-3 అని రాసి, పేరు గడిలో ‘చాలామంది’ అని పెట్టాడు. ముందు వరసలో కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని హాస్టలు అమ్మాయి ఒకే వాక్యం లేచి చదివింది. సవర లిపి 1936లో మంగేయి గొమాంగో చేత తయారు చేయబడిందని, తప్పు లేకుండా, సంవత్సరంతో సహా. చదివి కూర్చుంది. లిపి ఆవిష్కరణ ఎలా అవుతుంది, అదేమైనా యంత్రమా అని ఒకడు అడ్డం తగిలాడు. దానికి నేను జవాబు చెప్పేలోపే మరొకడు ‘యంత్రం కాకపోతేనేం, ముందు లేదు, తర్వాత వచ్చింది’ అన్నాడు. ఇంత మంచి నిర్వచనం మా పుస్తకంలో లేదు. గిడుగు రామమూర్తిగారు ఇదే ఊళ్లో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారని చెబుదామనుకున్నాను. కానీ అప్పటికే పిల్లలు వేరే దాంట్లో పడ్డారు. ఆగస్టులో ఆయన జయంతికి చెప్పుకోవచ్చు.

వాళ్లు పడింది కొమ్ము బొమ్మల్లో. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. పశువుల కొమ్ముతో కొంగలు, చేపలు, దువ్వెనలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇంటి కుర్రాడొకడు కొమ్ము కొంగ అని రాసి, పేరు గడి ఖాళీగా వదిలేసి, ఏం రాయమంటారని అడిగాడు. ఎవరు కనిపెట్టారో వాళ్ల తాతకూ తెలియదు. పేరు వదిలెయ్, ఎలా చేస్తారో చెప్పు అన్నాను.

బోర్డు దగ్గరికి వచ్చి ముందు కొమ్ము బొమ్మ గీశాడు. మొదట్లో బోలు, కొస గట్టి అని వేలితో చూపించాడు. ఆ రెండు మాటలకు ఇంగ్లీషు అడిగి తీసుకుని రాశాడు. తర్వాత ‘ద హార్న్ ఈజ్ కట్’ అన్నాడు. కొబ్బరినూనె రాస్తారు, నిప్పు మీద వేడి చేస్తారు, మెత్తబడ్డాక వంచుతారు. ఇవన్నీ వరసగా అదే అచ్చులో, తడుముకోకుండా వచ్చాయి. ఆకురాయితో రాసే చోట ఆగిపోయాడు. మాట తెలియక కుడిచేత్తో గాలిలో రాసి చూపించాడు. నేను ఆ క్రియ బోర్డు మీద రాశాను. బ్లేడుతో గీకినట్లు చూపించాడు, ఇంకో క్రియ. గుడ్డతో రుద్ది మెరుగు పెట్టినట్లు చూపించాడు, మరొకటి. వేడి చాలకపోతే ఏమవుతుందని ఎవరో అడిగారు. పగిలిపోతుందన్నాడు. ఎక్కువైతే? కాలిన వెంట్రుకల వాసన వేస్తుందన్నాడు తెలుగులో. అది ఇంగ్లీషులో చెప్పడానికి తరగతి మొత్తం సాయం పట్టింది.

మూడు వారాలుగా కర్మణి వాక్యంలో ‘చేత’ అన్న భాగాన్ని ఎప్పుడు వదిలేయవచ్చో చెబుతూ వస్తున్నాను, ఒక్కరికీ ఎక్కలేదు. ఈ రోజు ఎవరూ దాన్ని వాడలేదు. కొమ్మును వంచేది ఎవరన్న ప్రశ్నే అక్కడ రాలేదు, ఎలా వంచుతారన్నదే కావాలి. వంట, నేత, చేపల వల, ఇటుకల బట్టీ, ప్రతి ఇంట్లో ఇలాంటి పాఠం ఒకటి ఉంటుంది. కాగితం తయారీ, గాజు తయారీ అంటూ పిల్లలు ఎన్నడూ చూడని కార్ఖానాల బొమ్మలు పుస్తకంలో ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు.

ఇంటిపని ఇచ్చాను. ఇప్పుడు కనబడని యంత్రం ఒకటి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఇదివరలో దానితో ఏం చేసేవారో ఐదు వాక్యాలు రాసి తేవాలి. టెలిగ్రాము, పెట్రోమాక్స్ దీపం, ఎస్టీడీ బూత్ వస్తాయని నా అంచనా. నమూనాగా నేనూ ఒకటి రాద్దామని సాయంత్రం అత్తయ్యగారిని నౌపడా చిన్న రైలు గురించి అడిగాను. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి మా ఊరికి వేయించిన సన్న పట్టాల రైలు అది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. తర్వాత గుణుపురం దాకా వెళ్లింది. 2004లో ఆపేసి, పెద్ద పట్టాలు వేశారు.

‘కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో బొగ్గు నలుసు పడేదమ్మా’ అన్నారు అత్తయ్యగారు. ‘అయినా కిటికీ పక్కనే కావాలని అందరం కొట్టుకునేవాళ్లం.’ రైలు చాలా నెమ్మదిగా వెళ్లేదట కదా అంటే ఒప్పుకోలేదు. మెల్లగా వెళ్లేది కాదట, మనుషుల కోసం ఆగేదట. రెండింటికీ తేడా లేదని నేను అనబోయాను గానీ, ఆవిడ ఊరుకునే రకం కాదు. ఆవిడ మాటల్లోంచి నా ఐదు వాక్యాలూ వచ్చేశాయి, పైగా రెండు మిగిలాయి.

భోజనాలయ్యాక పాత క్యాలెండరు వెనక పట్టికను మళ్లీ గీశాను, ఈసారి పేరు గడి వెడల్పుగా. బల్బు దగ్గర ఎడిసన్ పక్కన ఇంగ్లండులో అదే పనిలో ఉన్న జోసెఫ్ స్వాన్‌ను చేర్చాను. మా తరగతి గదిలో వెలిగేది ఎల్ఈడీ కాబట్టి, నీలి కాంతి ఎల్ఈడీకి 2014లో నోబెల్ పంచుకున్న అకసాకి, అమానో, నకమురా కూడా వచ్చారు. మొబైలు గడి మాత్రం ఎంత వెడల్పు చేసినా చాలలేదు. 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో కిలో పైన బరువున్న ఫోనుతో మాట్లాడిన కూపర్ ఉన్నాడు. లిథియం అయాన్ బ్యాటరీకి 2019లో నోబెల్ అందుకున్న ముగ్గురున్నారు. ఇంటర్నెట్టు జోలికి ఇంకా వెళ్లనే లేదు. పిల్లల్నే నింపమందామని వదిలేశాను.

ఎల్లుండి చర్చ పెట్టాలి. ‘విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా’ అన్నది ఆనవాయితీ విషయం. ఈ పేరు వింటేనే నాకు ఆవలింత వస్తుంది. రెండు పక్షాలూ ముందే కంఠస్థం చేసుకుని వస్తాయి, చివర్లో రెండూ నిజమేనని చప్పట్లు కొట్టి ముగిస్తారు. దానికి బదులు, ఒక నెలపాటు ఇంట్లోని ఒక ఆవిష్కరణను తిరిగి ఇచ్చేయాలంటే ఏది ఇస్తారు, ఎందుకు, అన్నది పెట్టాను. బడి వదిలే ముందే ప్రకటించాను. ఆడపిల్లలు మిక్సీ ఇవ్వబోమని అప్పుడే తేల్చేశారు, రుబ్బురోలు ఎవరి పాలబడుతుందో వాళ్లకు తెలుసు. మెకానిక్కు గారి అబ్బాయి చెయ్యెత్తి, పరీక్షను కూడా ఆవిష్కరణగా లెక్కించవచ్చా, దాన్ని ఇచ్చేయవచ్చా అని అడిగాడు. ముందు లేదు, తర్వాత వచ్చింది కాబట్టి లెక్కించవచ్చన్నాను. అయితే ఎవరి చేత, ఎప్పుడు అన్నది కనుక్కుని వస్తేనే చర్చలో చోటు. వాడు కనుక్కునే వస్తాడని నా అనుమానం.