ప్రభువు కాళ్ళు కూడా నొప్పి పెట్టి ఉంటాయి

నజరేతులోని మంగళవార్త దేవాలయంలో కింది అంతస్తున ఒక చిన్న గుహ ఉంది. మరియమ్మ ఇంటి చోటని శతాబ్దాలుగా నమ్ముతున్న స్థలం. అక్కడి బలిపీఠం మీద లాటిన్‌లో ఒక వాక్యం చెక్కి ఉంది. 'వాక్యము ఇక్కడ శరీరధారి ఆయెను' అని దాని అర్థమని గైడ్ చెప్పాడు. వాక్యమంటే క్రీస్తే. యోహాను సువార్త మొదటి అధ్యాయం నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. కానీ సువార్తలో 'ఇక్కడ' అనే మాట లేదు. ఆ ఒక్క మాట దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. గ్రూపంతా మెట్లెక్కి వెళ్ళిపోయినా నేను ఆ కంచె పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఎందుకు ఆగానో చెప్పాలంటే అమ్మ గురించి చెప్పాలి. అమ్మ పక్షవాతంతో రెండేళ్ళు మంచం మీద ఉంది. ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, ముడుచుకుపోయిన ఎడమ చేతి వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి అరచేయి కడగడం, ఇదే నా రోజు. ఆ చేయి మళ్ళీ ముడుచుకుపోయేది. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక ఓదార్చడానికి వచ్చినవాళ్ళు, "శరీరం వట్టి గుడారమమ్మా, దాన్ని వదిలేసి హాయిగా ఉంది" అన్నారు. ప్రేమతోనే అన్నారు. గుడారమనే పోలిక అపొస్తలుడైన పౌలుదేనని నాకూ తెలుసు. కానీ 'వట్టి' అన్న మాట నా గొంతు దిగలేదు. రెండేళ్ళు నేను కడిగింది ఆ గుడారాన్నే కదా. ఈ యాత్రకు ఆ బాధతోనే బయలుదేరాను.

గలిలయలో మొదట చూడాలనుకున్నది పడవను. 1986లో వర్షాలు లేక సరస్సు నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు, ఒడ్డు బురదలో బయటపడిన చేపల పడవ అది. మొదటి శతాబ్దం నాటిదని తేల్చారు. పొడవు 8 మీటర్లకు కొంచెం ఎక్కువ, వెడల్పు 2.3 మీటర్లు. రకరకాల చెక్కముక్కలతో అతుకు మీద అతుకు వేసి ఉంది. కొత్త చెక్క కొనే స్తోమత లేనివాళ్ళ పడవ అని చూడగానే అనిపిస్తుంది. అది యేసు ఎక్కిన పడవ అని అక్కడ ఎవరూ చెప్పరు, అలా చెప్పకపోవడమే నాకు నచ్చింది. ఆయన ఎక్కినవి ఇలాంటివే అయి ఉంటాయి, నాకది చాలు. దాని చుట్టూ తిరుగుతూ అమరం వైపు, అంటే పడవ వెనక భాగం వైపు చూశాను. తుపానులో ఆయన తలగడ మీద తల పెట్టి నిద్రపోయింది దోనెలో ఆ వైపే. అంత ఇరుకులో ఒక మనిషి కాళ్ళు చాపి పడుకుంటే మిగతావాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. మీదికి నీళ్ళు కొడుతున్నా మెలకువ రాలేదంటే రోజంతా ఎంత అలసిపోయి ఉండాలి! అమ్మ మంచం పక్కన కుర్చీలోనే ఒరిగిపోయిన రాత్రులు గుర్తొచ్చాయి. అలాంటి నిద్ర ఆయనకూ తెలుసు.

ఇన్నాళ్ళూ ఆ వచనం చదివినప్పుడు నా కళ్ళు ఆయన తుపానును గద్దించిన చోటికే పరుగెత్తేవి. నిద్రను దాటేసేదాన్ని. క్యాలెండర్ బొమ్మలో ఉన్నట్టు తెల్లగా, వెలుగుతూ, నేలకు కాస్త పైన నడిచే యేసే నా ప్రార్థనలో ఉండేవాడు. సంఘం మొదటి రోజుల్లోనే ఇలాంటి పొరపాటు పుట్టింది. క్రీస్తుకు నిజమైన శరీరం లేదు, ఉన్నట్టు కనిపించింది అంతే అనేవాళ్ళు. దేవుడికి ఆకలి, నొప్పి, చావు ఏమిటని వాళ్ళ ఆలోచన. యోహాను మొదటి పత్రిక 'మా చేతులు తాకి చూసిన వాక్యం' అని సాక్ష్యం చెబుతుంది, క్రీస్తు శరీరధారిగా వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవునిది కాదని కూడా అంటుంది. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను సైనికులు బందీగా రోమాకు తీసుకెళ్తుంటే, దారిలో రాసిన ఉత్తరాల్లో ఆయనా ఇదే చెప్పాడు: క్రీస్తు నిజంగా పుట్టాడు, తిన్నాడు, తాగాడు, రోమా అధిపతి పొంతి పిలాతు కాలంలో నిజంగా బాధపడ్డాడు. ఆ బాధ కనిపించడం మాత్రమే అయితే తానెందుకు సంకెళ్ళలో ఉన్నట్టు అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. యేసు అలసట ఉత్తదే అయితే నా అలసట ఎవరికి చెప్పుకోవాలి?

యెరికో సముద్రమట్టానికి సుమారు 250 మీటర్లు దిగువన ఉంది. యెరూషలేము సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంది. బస్సు ఆ కొండల మధ్య ఎక్కుతుంటే నా చెవులు మూసుకుపోయాయి. దారిలో లోయ చూడటానికి ఆపారు. దిగి నాలుగడుగులు ఎక్కేసరికి ఊపిరి అందలేదు, మోకాళ్ళు పట్టేశాయి. చుట్టూ చెట్టన్నది లేదు. రాయి, ఎండ, దూరంగా మేకలు. చివరి పస్కా పండుగకు ప్రభువు జక్కయ్య ఊరైన ఈ యెరికో నుంచి యెరూషలేముకు ఎక్కి వచ్చింది ఇలాంటి కొండల్లోనుంచే, కాలినడకన. వెయ్యి మీటర్ల ఎక్కుడు! లూకా ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాడు. నా పక్కనున్న పెద్దావిడ ఒకరు రాతి మీద కూర్చుని చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటూ, "ఆయన కాళ్ళూ ఇలాగే లాగి ఉంటాయి కదమ్మా" అంది. నేను ఆమె పక్కన కూర్చుని ఆమె పాదం నా ఒడిలో పెట్టుకుని నొక్కాను.

బేత్లెహేములో యేసు పుట్టిన చోటని నమ్మే దేవాలయానికి సుమారు నాలుగడుగుల ఎత్తున్న గుమ్మంలోంచి వంగి లోపలికి వెళ్ళాం. గుహలో వెండి నక్షత్రం చుట్టూ మళ్ళీ అదే మాట: కన్య మరియకు యేసుక్రీస్తు ఇక్కడ పుట్టెను. రద్దీలో ఎక్కువసేపు నిలబడనివ్వలేదు.

యెరూషలేములో ఇజ్రాయెల్ మ్యూజియానికి మా గ్రూపులో కొందరమే వెళ్ళాం. 1968లో నగరానికి ఉత్తరాన ఒక సమాధిలో, ఎముకలు దాచే రాతిపెట్టెలో యెహోహానాను అనే మనిషి అవశేషాలు దొరికాయి. సిలువ వేయబడిన మనిషి. మడమ ఎముకలో ఇనుప మేకు అలాగే ఉంది. కొన వంగిపోవడం వల్ల ఎవరూ దాన్ని లాగలేకపోయారని పండితులు అంటారు. చూస్తూ నేను ఏడ్చాను. మేకు చూసి మాత్రమే కాదు. ఆ మేకుతో సహా అతణ్ణి సిలువ మీది నుంచి దించి, సమాధిలో పెట్టి, తర్వాత ఎముకలన్నీ ఏరి, పెట్టె మీద పేరు చెక్కించినవాళ్ళు ఎవరో ఉన్నారు. వాళ్ళకూ ఆ శరీరం వట్టిది కాదు.

మర్నాడు తెల్లవారుజామునే పవిత్ర సమాధి దేవాలయానికి వెళ్ళాం. గుమ్మం దాటగానే ఎదురుగా నేల మీద పొడవైన రాతి పలక, యేసు దేహానికి సుగంధ ద్రవ్యాలు పూసిన చోటుకు గుర్తుగా పెట్టింది. ఇప్పుడున్న పలక 1810లో వేసింది. అది తెలిసే నేను మోకరించాను. ఆడవాళ్ళు దాని మీద సువాసన నూనె పోసి గుడ్డలతో తుడుస్తున్నారు, మెల్లగా, నిద్రపోతున్న మనిషి ఒళ్ళు తుడుస్తున్నట్టు. ఆ చేతుల కదలిక నాకు తెలుసు. నీకొదేము బోళము, అగరు కలిపి సుమారు 30 కిలోలు మోసుకొచ్చాడు. చనిపోయిన దేహానికి అంత బరువు! యేసు శిష్యుడు అరిమతయియ యోసేపు ఆ దేహాన్ని పిలాతును అడిగి తీసుకున్నాడు, నారబట్టలో చుట్టాడు. దేవుని కుమారుడి దేహాన్ని కడిగి, చుట్టి, మోసిన చేతులు మనుషులవి. నేనూ నా రుమాలు తీసి రాయిని తుడిచాను.

సమాధి గదిలోకి నలుగురైదుగురిని మాత్రమే పంపుతారు. 2016లో మరమ్మతులు చేసినప్పుడు పైనున్న పాలరాతి పలకను తొలగించి చూస్తే, కింద సున్నపురాతి పడక అలాగే ఉంది. ఇప్పుడు లోపలి గోడకున్న పాలరాతిలో చిన్న కిటికీ లాంటిది కోసి ఉంచారు, దాని వెనక అసలు కొండరాయి కనిపిస్తుంది. ఆ కాలంలో ఈ చోటు నగరం గోడ బయట ఉండేది, ఇదే దేవాలయంలో మరోచోట ఆ కాలపు యూదుల సమాధి గుహలు కూడా ఉన్నాయి. అందుకే మిగతా స్థలాల కంటే దీన్ని నేను గట్టిగా నమ్ముతాను.

పాలరాతి మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. అక్కడ దేహం లేదు. కానీ లేచిన ప్రభువు దేహాన్ని వదిలేసి లేవలేదు. తనను భూతమనుకుని భయపడినవాళ్ళతో, పట్టి చూడండి, నాకు ఎముకలూ మాంసమూ ఉన్నాయన్నాడు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగి కాల్చిన చేప తిన్నాడు. మేకుల గుర్తులు కూడా పోలేదు, నమ్మలేకపోయిన శిష్యుడు తోమాకు వాటినే చూపించాడు. బయట కాపలా ఉన్నాయన త్వరగా రమ్మని పిలిచేలోపు నేను చెప్పుకున్న ప్రార్థన ఒకటే. ప్రభువా, చనిపోయినవాళ్ళు లేచే ఆ రోజున అమ్మ ఎడమ చేయి విప్పు. అదే చేయి. కుట్టుపనితో గట్టిపడిన చూపుడు వేలున్న అమ్మ చేయి. నేను మళ్ళీ పట్టుకోవాలి.