షీట్ అంటే తాడట

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. బావ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. "షీట్ అంటే తాడని కూడా తెలియకుండా పడవెక్కావా?"

తెలియదు. షీట్ వదలమనగానే తెరచాప గుడ్డ పట్టుకున్నాను. మొదటిసారి ఎక్కినవాళ్లు ఎవరైనా అదే చేస్తారు. బావ వదలమన్నది తెరచాపను అదుపులో ఉంచే తాడునట. దాన్ని పైకెత్తే తాడేమో హాల్‌యార్డ్. పడవ ముక్కుకు కట్టి గట్టుకు ముడివేసేది పెయింటర్. అన్నీ తాళ్లే, కానీ తాడు అంటే మాత్రం తప్పు! పడవ పక్క అంచును గన్‌వేల్ అని రాసి గన్నెల్ అని పలకాలి. ఒకప్పుడు ఓడల్లో ఫిరంగుల బరువు మోసిన అంచు కాబట్టి ఆ పేరట. ముగ్గురు పట్టే పడవకు ఫిరంగి ఎందుకు? ఓడలో వంటగది గాలీ, మరుగుదొడ్డి హెడ్. కొత్తవాళ్లను గట్టు మీదే నిలబెట్టడానికి ఈ పేర్లు పెట్టారని దిగుతూ అనేశాను. బావ నవ్వాడు. ఆ నవ్వే ఇంకా మండుతోంది.

తెరచాప గాలికి నిండి పడవ ఒక్కసారి ఒరిగినప్పుడు మాత్రం చాలా బాగుంది. అది నిజం.

పోర్ట్, స్టార్‌బోర్డ్ గురించి ఇంటికొచ్చాక కూడా వాదించాను. ఎడమ, కుడి అంటే ఏం పోయింది? పోర్ట్ ఎడమ, గుర్తు ఎరుపు. స్టార్‌బోర్డ్ కుడి, గుర్తు పచ్చ అని బావ ఒప్పజెప్పాడు. అక్కడే తాతయ్య గుర్తొచ్చారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. తెడ్లు నా చేతిలో, తాతయ్య వెనక చుక్కాని దగ్గర. తెడ్లు వేసేవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు కదా, మేమిద్దరం ఎదురెదురుగా ఉండేవాళ్లం. "కుడివైపు లాగు" అంటే నా కుడిచేతి తెడ్డు లాగేదాన్ని. పడవ ఇంకోవైపు తిరిగేది. ఒకసారి గుంజకు గుద్దుకుని అంచు పెచ్చు లేచింది. నాకు ఏడుపొచ్చింది. తాతయ్య ఏమీ అనలేదు. మర్నాడు ఒక అంచుకు ఎర్ర గుడ్డపేలిక, రెండో అంచుకు పచ్చది కట్టారు. "ఎరుపు లాగు", "పచ్చ లాగు", అంతే. నా ముచ్చట కోసం కట్టారనుకున్నాను. ఎండకు ముందు ఎరుపే వెలిసింది. అది నా కుడిచేతి వైపు ఉండేది, బాగా గుర్తు.

కానీ బావ ఎరుపు ఎడమ అన్నాడు. తాతయ్య తప్పు కట్టారా? ఇదే నన్ను పడుకోనివ్వలేదు. ఇందాక కుర్చీని గది వెనకగోడ వైపు తిప్పి కూర్చుని చూశాను. నా కుడిచెయ్యి ఉన్నది పడవ ఎడమ పక్కన! తాతయ్య సరిగ్గానే కట్టారు. పోర్ట్ అన్నది నా ఎడమా కాదు, ఆయన ఎడమా కాదు, పడవది. మనం ఎటు తిరిగి కూర్చున్నా అది మారదు.

అలా అయితే ఆ పేరు ఉండాల్సిందే. పూర్వం ఎడమ పక్కను లార్‌బోర్డ్ అనేవారట. స్టార్‌బోర్డ్‌తో కలిసి వినబడుతోందని 1844లో బ్రిటిష్ నౌకాదళం దాన్ని మాని పోర్ట్ అనమంది. హోరుగాలిలో అరిచినా తేడా తెలియాలని మార్చిన మాటను నేను గొప్పలకు పెట్టుకున్నదన్నాను. తాళ్ల సంగతీ అంతేనేమో. అన్ని తాళ్ల మధ్య "తాడు వదులు" అంటే ఏది వదిలేదాన్ని?

రాత్రి నడిచే ఓడలకు పోర్ట్ పక్కన ఎర్రదీపం, స్టార్‌బోర్డ్ పక్కన పచ్చదీపం ఉంటాయి. ఆ పేలికల రంగులు తాతయ్య అక్కడినుంచే తెచ్చి ఉంటారు. నాకు మాత్రం ఒక్క పేరూ చెప్పలేదు, పడవ తిప్పడం నేర్పారు.

రేపు బావకు ఫోను చేసి పోర్ట్ విషయంలో నాదే తప్పని చెబుతాను. షీట్ గురించి ఆ మాట అన్నందుకు ముందు తను చెప్పాలి.