గోలక్‌నాథ్ కన్నా ఖరక్ సింగ్ కేసే గొప్పది: కోకా సుబ్బారావు గురించి

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. కేసు పోయింది గానీ పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ (నేరాలు చేసే మనిషని నిఘా పెట్టడానికి రాసుకునే రికార్డు) తెరిచి పెట్టుకున్నారు. ఆ తర్వాత తన బతుకు ఎలా తయారైందో ఆయనే కోర్టుకు చెప్పుకున్నాడు. అర్ధరాత్రి చౌకీదార్లు, కానిస్టేబుళ్ళు వచ్చి తలుపు బాదడం, కేకలేసి లేపడం, ఇంట్లోకి రావడం, ఒక్కోసారి తమతో పాటు స్టేషన్‌కి రమ్మనడం. పక్క ఊరికి వెళ్ళాలన్నా ఎక్కడికి, ఎందుకు, మళ్ళీ ఎప్పుడొస్తావ్ అన్నవాటికి ముందే జవాబు చెప్పి కదలాలి. ఇంతా చేసి ఆయనకు శిక్ష పడిందా అంటే లేదు.

దీనికంతటికీ ఆధారం యూపీ పోలీసు రెగ్యులేషన్లలో 236వది. ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా, రాత్రిపూట ఇంటి తనిఖీ, మనిషి అలవాట్లు, స్నేహాలు, సంపాదన గురించి ఆరా, ఎక్కడికి పోతున్నాడో వస్తున్నాడో రిపోర్టు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. అసెంబ్లీ చేసిన చట్టం కాదది, డిపార్ట్‌మెంట్ తన కోసం తాను రాసుకున్న నిబంధన.

1962 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బెంచ్‌లో ఆరుగురు. నలుగురు ఏమన్నారంటే, రాత్రిపూట ఇంట్లోకి చొరబడటం తప్పు, దాన్ని కొట్టేస్తున్నాం, మిగతావి ఉండొచ్చు, ఎందుకంటే ప్రైవసీ అనేది మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదు, ఎవరైనా వెనకాల నడుస్తూ చూస్తున్నంత మాత్రాన నీ కాళ్ళకేం సంకెళ్ళు పడలేదు కదా అని. మిగిలిన ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆ ఇద్దరి తరఫున తీర్పు రాసింది కోకా సుబ్బారావు, ఆయనతో కలిసింది జస్టిస్ షా.

స్వేచ్ఛ, పరిమిత ప్రభుత్వం అనగానే మన గ్రూప్స్ కోచింగ్ పుస్తకాలు జాన్ లాక్ దగ్గర మొదలుపెట్టి మాంటెస్క్యూ మీదుగా అమెరికా వెళ్ళిపోతాయి. వెళ్ళనివ్వండి, వాళ్ళూ చదవాల్సినవాళ్ళే. కానీ 1902లో రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ప్రాక్టీసు చేసి, 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు మొదటి చీఫ్ జస్టిస్‌గా పనిచేసి, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళి, చివరికి దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషి గురించి మనవాళ్ళలో లాయర్లకు తప్ప పెద్దగా ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్ళు కూడా గోలక్‌నాథ్ అనే ఒక్క కేసు పేరు చెప్పి ఊరుకుంటారు. నాకైతే ఆయన అసలు సత్తా ఆ ఓడిపోయిన తీర్పులోనే కనిపిస్తుంది.

అందులో ఆయన వాదన చాలా సూటిగా ఉంటుంది. స్వేచ్ఛగా తిరగడం అంటే కాళ్ళు కదలడం ఒక్కటేనా? వెనకాల పోలీసు చూపు అంటుకుని ఉంటే, ఎవరితో మాట్లాడాలన్నా, ఎవరింటికి పోవాలన్నా మనిషి జంకుతాడు. అలాంటి మనిషికి దేశమంతా జైలే అని రాశారు. ఇల్లు గురించి ఇంకో మాట అన్నారు. పెళ్ళాం బిడ్డలతో ఉండే ఇల్లే మనిషికి చివరి కోట, ఒంటి మీద పడే ఆంక్షల కన్నా వ్యక్తిగత జీవితంలోకి చొరబడటమే స్వేచ్ఛను ఎక్కువ దెబ్బతీస్తుంది అని. (ఇంగ్లీషు తీర్పులోని మాటల సారం నా మాటల్లో చెబుతున్నాను, అచ్చంగా అనువాదం కాదు.) ప్రైవసీ అన్న పదం రాజ్యాంగంలో లేకపోయినా అది వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయలేని భాగం అని తేల్చి, 236వ రెగ్యులేషన్ మొత్తం చెల్లదన్నారు. ఈ అధికారం నీకు ఏ చట్టం ఇచ్చింది అన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు, అంతే.

ఇప్పుడు చదివితే ఇందులో ఏముంది, మామూలే కదా అనిపిస్తుంది. 1962 డిసెంబరంటే చైనా యుద్ధం అప్పుడే ఆగింది, ఎమర్జెన్సీ ప్రకటించి ఉంది. పోలీసుల జోలికి పోకుండా ఉండటానికి జడ్జీలకు కావలసినన్ని సాకులున్న రోజులవి. ఆయన రాసింది చట్టం కావడానికి దాదాపు 55 ఏళ్ళు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కే అని చెప్పి, ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ ఆ విషయంలో చెప్పింది తప్పని తేల్చారు.

ఇంకో కేసు చెప్పాలి, ఇది ఎన్ఆర్ఐ కుటుంబాలున్న ప్రతి తెలుగింటికీ సంబంధించింది. మా పెద్దమ్మ మనవడికి ఎమ్మెస్‌కి పాస్‌పోర్టు కావలసి వచ్చి, పోలీస్ వెరిఫికేషన్ అయ్యేదాకా ఇల్లంతా ఒకటే టెన్షన్. అయినా సరే, ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో అడగొచ్చు, అప్పీలుకు వెళ్ళొచ్చు అన్న ధైర్యం ఒకటుంది. 1967కి ముందు అదీ లేదు, పాస్‌పోర్టు ఇచ్చేదీ లేనిదీ తేల్చే చట్టమే లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అని ఒక వ్యాపారి, మోటారు విడిభాగాల దిగుమతి ఆయన పని. లైసెన్సు నిబంధనల మీద ఏదో విచారణ నడుస్తోందని పాస్‌పోర్టులు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. ప్రభుత్వం వాదన ఏంటంటే, పాస్‌పోర్టు అనేది దేశం తరఫున మేమిచ్చే రాజకీయ పత్రం, ఇవ్వడం ఇవ్వకపోవడం మా ఇష్టం అని. 1967 ఏప్రిల్ 10న 3-2 తేడాతో సుబ్బారావు బెంచ్ ఆ వాదనను తోసిపుచ్చింది. విదేశానికి వెళ్ళడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా ఆపడానికి వీల్లేదు, ఒకరికి ఇచ్చి ఒకరికి ఎగ్గొట్టే విచ్చలవిడి అధికారం సమానత్వానికి విరుద్ధం అంది. దెబ్బకి జూన్‌లోనే పాస్‌పోర్టుల చట్టం వచ్చేసింది, కారణాలు రాసి పెట్టాలి, అడిగితే ఇవ్వాలి అన్న నియమంతో సహా (కొన్ని మినహాయింపులు ఉన్నాయనుకోండి).

ఇక గోలక్‌నాథ్. జలంధర్‌లో ఒక కుటుంబానికి 500 ఎకరాల పైన భూమి ఉంది. పంజాబ్ భూచట్టం ప్రకారం మనిషికి 30 ఎకరాలు, మిగిలింది మిగులు భూమి. వాళ్ళు కోర్టుకెక్కారు. 1967 ఫిబ్రవరి 27న, 11 మంది జడ్జీల్లో 6-5 తేడాతో, ప్రాథమిక హక్కులను తగ్గించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పు వచ్చింది. విచిత్రం ఏంటంటే, పాత సవరణలు చెల్లవంటే దేశమంతా గందరగోళం అవుతుంది కాబట్టి ఈ సూత్రం ఇకముందు సవరణలకే అన్నారు. అంటే సిద్ధాంతం నెగ్గింది, గోలక్‌నాథ్ కుటుంబానికి మాత్రం సెంటు భూమి కూడా తిరిగి రాలేదు.

ఈ తీర్పు మీద నాకు మొదట్నుంచీ రెండు మనసులు. మా తాతలు కౌలు రైతులు, భూసంస్కరణల మీద వచ్చే ఏ తీర్పునైనా మా ఇంట్లో అనుమానంగానే చూస్తారు. వందల ఎకరాలవాళ్ళ ఆస్తిని అడ్డం పెట్టుకుని స్వేచ్ఛ గురించి మాట్లాడితే పేదవాడికి ఎక్కడ తగులుతుంది? అయితే పార్లమెంటులో మూడింట రెండొంతుల బలం ఉంటే ఏ హక్కునైనా తీసెయ్యొచ్చా అన్న ప్రశ్న భూమితో ఆగేది కాదు. 1971లో 24వ సవరణతో పార్లమెంటు గోలక్‌నాథ్‌కి విరుగుడు వేసింది, 1973లో కేశవానంద భారతి కేసులో కోర్టు కూడా దాన్ని పక్కన పెట్టి, సవరించుకోండి గానీ మూల స్వరూపాన్ని ముట్టుకోవద్దు అంది. చివరికి నిలిచింది సుబ్బారావు గీసిన గీత కాదు, గీత ఉండాలన్న పట్టుదల.

ఆయన చేసిన పనుల్లో నాకు అస్సలు నచ్చనిది కూడా ఆ ఏడాదిదే. పాస్‌పోర్టు తీర్పు చెప్పిన మర్నాడే, రిటైర్మెంటు ఇంకా మూడు నెలలుందనగా, పదవి వదిలేసి రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ వస్తే ఈయనకు 3,63,971 వచ్చింది. ఓటమి సంగతి అలా ఉంచండి. ప్రభుత్వానికి హద్దులు చెప్పే కుర్చీలోంచి లేచి నేరుగా ఆ ప్రభుత్వానికి ఎదురు నిలబడిన పార్టీల వైపు నడిస్తే, ఫిబ్రవరిలో రాసిన తీర్పును కూడా జనం వేరే కళ్ళతో చూస్తారు. చూశారు కూడా. రిటైరైన జడ్జీలకు పదవులు ఇవ్వడం గురించి ఇప్పుడు గొంతు చించుకునే మనం, మనవాడని చెప్పి దీన్ని దాటేయకూడదు.

ఆయన్ని బలపరిచిన పార్టీల్లో స్వతంత్ర పార్టీ ఒకటి. అది 1959లో పుట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా. నాగపూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం అని తీర్మానం చేస్తే, రైతు చేతిలో భూమి పోతుందని ఆ పార్టీ వదిలి బయటికొచ్చిన మనిషి. జమీందార్ల మీద రైతుల్ని కూడగట్టిన రంగా, రాజాలూ జమీందార్లూ ఉన్న పార్టీకి అధ్యక్షుడు కావడం ఒక చిత్రం. ప్రతి వ్యాపారానికీ ప్రభుత్వ అనుమతి కావాలనే పద్ధతిని లైసెన్స్-పర్మిట్-కోటా రాజ్ అని వెక్కిరించిన, ఈ పార్టీ పెట్టిన రాజాజీ, 1951లో కేంద్ర హోం మంత్రిగా పత్రికల మీద ఆంక్షల బిల్లు తెచ్చినాయనే కావడం ఇంకో చిత్రం. వీళ్ళ గురించి ఇంకెప్పుడైనా విడిగా రాస్తాను, 1967లో 44 లోక్‌సభ సీట్లు గెలిచి 1971కల్లా 8కి పడిపోయిన కథ అది. సుబ్బారావు మాత్రం జడ్జిగా ఉన్నన్నాళ్ళూ స్వేచ్ఛ విషయంలో మాట మార్చలేదు, ఆ ఒక్క తేడా నాకు ముఖ్యం.

సుబ్బారావు 1976 మే 6న చనిపోయారు. అంతకు ఎనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వచ్చే హక్కు లేదని అదే సుప్రీంకోర్టు 4-1తో చెప్పింది. అక్కడా నిలబడింది ఒక్క అసమ్మతి తీర్పే, హెచ్.ఆర్. ఖన్నాది.

మన దగ్గర రౌడీ షీట్ అంటే తెలియనివాళ్ళు ఉండరు. దానికి ఆధారం ఏంటని చూస్తే ఇక్కడ కూడా పోలీసు స్టాండింగ్ ఆర్డర్లే ప్రధానంగా కనిపిస్తాయి, హైకోర్టుల్లో వీటి మీద కేసులు ఇప్పటికీ వస్తున్నాయి. ఆదివారం పూట రౌడీషీటర్లను స్టేషన్ ఆవరణలో వరసగా నిలబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చారని ఫోటోతో సహా పేపర్లో వస్తుంది, కింద జనం శభాష్ అని కామెంట్లు పెడతారు. ఆ వరసలో నేరం రుజువైనవాళ్ళు ఎంతమంది, ఖరక్ సింగ్ లాగా కేసు నిలవకపోయినా షీట్ మాత్రం మిగిలిపోయినవాళ్ళు ఎంతమంది అని వార్త రాసిన ఒక్క రిపోర్టరైనా అడగగా నేనింకా చూడలేదు.