గుణుపురం వంతెన మీద స్టడ్లు విరిగిన రోజు

నిన్న సాయంత్రం మా గర్డర్ల మీద స్టడ్లన్నీ, అంటే ఉక్కుకి నిలబెట్టి వెల్డు చేసే పొట్టి కడ్డీలన్నీ, వంపు పరీక్షలో పాసయ్యాయి. మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. కడుపులో మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

గుణుపురం దగ్గర వాగు మీద చిన్న వంతెన. కింద ఉక్కు గర్డర్లు, పైన కాంక్రీటు స్లాబు. ఒకదాని మీద ఒకటి జారకుండా రెండూ ఒకే దూలంలా బరువు మోయాలంటే గర్డరు పైరేకుకి 19 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టడ్లు అతకాలి. డ్రాయింగులు, సర్టిఫికెట్లు ఒక్క పూటలో తేలిపోయాయి. ల్యాబులో పుష్-అవుట్ పరీక్ష, అంటే నమూనా స్లాబుల మధ్య నుంచి ఉక్కుని నొక్కి స్టడ్లు ఎంత ఆపుతాయో చూడడం, అది కూడా ఇబ్బంది పెట్టలేదు. మూడు నమూనాలూ 6 మిల్లీమీటర్లకి పైనే జారాక గానీ బలం వదల్లేదు. మీరు చేయిస్తే నమూనా స్లాబుల్ని పడుకోబెట్టే పోయించండి, రేకుకి గ్రీజు రాయించండి. లేకపోతే కాంక్రీటు పట్టు కూడా స్టడ్ల లెక్కలో పడిపోతుంది.

అసలు నరకం సైట్లో వంపు పరీక్ష దగ్గర.

ఇన్‌స్పెక్టరు సుత్తితో కొడుతూ వచ్చాడు. మంచి స్టడ్డు ఖంగుమంటుంది. మావి కొన్ని చచ్చు మోత మోగాయి. సమ్మెటతో 30 డిగ్రీలు వంచమన్నాడు. రెండు ఒంగాయి. మూడోది మొదలంటా ఊడి దొర్లుకుంటూ కింద పడింది. ఆయన దాన్ని ఏరి అందరికీ చూపించాడు. వెల్డు లోపలంతా ఇడ్లీలా చిల్లులే. కూలీలందరి ముందు మా వెల్డరుని "వెల్డింగు గన్ను పట్టుకోడం ఎవడు నేర్పాడ్రా నీకు?" అన్నాడు. పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషి. చేతితొడుగులు తీసి గర్డరు మీద పెట్టి దిగిపోయాడు. అప్పుడు నేను నోరెత్తలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

రాత్రి రిజిస్టరు తిరగేశాను. అదే మనిషి, అదే మిషను, అదే కరెంటు. విరిగినవన్నీ ఒకే పెట్టెలోని ఫెరూళ్లతో అతికినవి. స్టడ్డు మొదట్లో పెట్టే ఆ పింగాణీ రింగుల పెట్టెని వానల్లో స్టోరు వాళ్లు నేల మీదే ఉంచేశారు. నేను చూసి కూడా ఊరుకున్నాను.

పొద్దున్నే మా ముసలి మేస్త్రి ఒక రింగు తీసి నాలుక్కి ఆనించాడు. "ఏటి బాబూ ఇది? ఎండిన పింగాణీ నాలుక్కి అతుక్కోవాల. ఇది జారిపోతంది" అన్నాడు. ఆ తడే వెల్డింగు మెరుపు (ఆర్కు) వేడికి ఆవిరై వెల్డులో చిల్లులు పెట్టింది.

రింగులన్నీ ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఎండబెట్టాం. చెడ్డ స్టడ్లు కోసి, గ్రైండు చేసి, మళ్లీ అతికాం. ఇప్పుడు షిఫ్టు మొదట్లో రెండు స్టడ్లు వంచి చూడందే పని మొదలెట్టం. ఒంగినా పగలని స్టడ్డుని అలాగే ఉంచొచ్చు, అయినా మొదటి రోజు ఒంగిన రెండు మంచివాటినీ కోయించారు. శుద్ధ దండగ! మీ దగ్గర అలా కోయమంటే ఏ కోడులో ఉందో చూపించమనండి.

నిన్న మా వెల్డరే సమ్మెట అందుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చూపించినవన్నీ వంచాడు, ఒక్కదానికీ బీట పడలేదు. ఆయన సంతకం పెట్టాడు గానీ అతనితో ఒక్క మాటా అనలేదు. ఈసారి నేనే అడిగాను, ఆ రోజన్న మాట వెనక్కి తీసుకోమని. ఆయన జీపెక్కేశాడు.

గురువారం కాంక్రీటు పోస్తున్నాం. నిన్న ఒంగిన స్టడ్లు ఒంగినట్టే లోపల ఉంటాయి.