బొమ్మ ఉంది, వెలుగే లేదు

పొద్దున్న టీవీ పెడితే మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రాలేదు. ఆపి మళ్లీ పెట్టాను. ఒక్క క్షణం తెర వెలిగి, వెంటనే నల్లబడింది. వార్తలు మాత్రం సాగుతూనే ఉన్నాయి. పదకొండేళ్ల టీవీ. "పోయినట్టుందిరా, కొత్తది కొనేద్దాం" అన్నారు నాన్న. అన్నారే గానీ రిమోటు కింద పెట్టలేదు.

అసలు ఏం పోయిందో తెలియకుండా పారేయడానికి నాకు మనసొప్పలేదు. లైట్లు ఆర్పి, కర్టెన్లు వేసి, ఫోన్ టార్చిని తెరకు ఆనించినంత దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టి చూశాను. మసగ్గా వార్తలు చదివే ఆవిడ ముఖం, కింద కదులుతున్న అక్షరాలు! ఎంత సంతోషం వేసిందో. ప్యానెల్, అంటే బొమ్మను చూపే తెర పలక, బాగానే ఉందన్నమాట. ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగుండదు. వెనక పట్టీల మీద బిగించిన ఎల్ఈడీలు వెలిగితేనే బొమ్మ మన కంటికి ఆనుతుంది. పట్టీలో అవి ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా వరుసంతా ఆరిపోతుంది. తేడా పసిగట్టిన సర్క్యూట్ మిగతా వరుసలనూ ఆపేస్తుంది. ఆ క్షణకాలపు వెలుగుకి కారణం అదే అయ్యుంటుంది.

అప్పుడే తేల్చుకున్నాను. తెర పగిలి ఉన్నా, ప్యానెలే పాడై నిలువు గీతలు వస్తున్నా కొత్తదే కొనేవాణ్ణి. ప్యానెల్ మార్చడమంటే దాదాపు కొత్త టీవీ కొన్నంత. ఇది దీపాలు మార్చే పని. యాప్‌లు పాతబడ్డాయన్న మాట నిజమే, దానికి హెచ్‌డీఎంఐలో పెట్టుకునే, యాప్‌లు నడిపే స్టిక్ ఒకటి చాలు.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చారు. ముందు పవర్ బోర్డు చూశారు, కెపాసిటర్లేవీ ఉబ్బలేదు, అంటే అది బాగానే ఉన్నట్టు. తర్వాత అసలు పని. "అటు వైపు మీరు పట్టుకోండి సార్, వంగకూడదు" అన్నారు. ప్యానెల్ అంచున పల్చటి ఫిల్మ్ రిబ్బన్లుంటాయి, అందులో ఒక్కటి చిరిగినా తెర మీద గీతలు పడతాయి, ఇంక బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఊపిరి బిగబట్టి ఎత్తాం. మంచం మీద దుప్పటి పరిచి దాన్ని పడుకోబెట్టాం.

టెస్టర్ పెడితే రెండు ఎల్ఈడీలు చచ్చిపోయాయని తేలింది. ఆ రెండే మార్చమని అడిగాను. "మార్చొచ్చు సార్. కానీ మిగతావి కూడా ఇన్నేళ్లూ అదే వేడిలో మగ్గినవే కదా. రేపు ఇంకోటి పోతే మళ్లీ ప్యానెల్ ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ గండమే." నిజాయితీగా చెప్పిన మాట అనిపించింది. అన్ని పట్టీలూ మార్చేయమన్నాను. పట్టీ మీది నంబరు ఫొటో తీసుకుని వెళ్లారు. ఆయన తిరిగొచ్చేదాకా ఆ గదిలోకి ఎవర్నీ వెళ్లనివ్వలేదు. దుమ్ము పడుతుందని ఫ్యాను కూడా వేయలేదు.

సాయంత్రం కొత్త పట్టీలు అంటించి, వెలుగును సమంగా పరిచే తెల్లటి షీట్లను ముందున్న వరుసలోనే పేర్చి, మళ్లీ ఇద్దరం ఎత్తి బిగించాం. బొమ్మ వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఆయన సెట్టింగ్స్ తెరిచి చూపించారు: బ్యాక్‌లైట్ 100 మీద ఉంది. కొన్న రోజు నుంచీ అలాగే ఉందేమో! దాన్ని తగ్గిస్తే వేడి తగ్గి ఎల్ఈడీలు ఎక్కువ కాలం వస్తాయట. బ్రైట్‌నెస్ అని వేరే ఉంది, మా టీవీలో అది నలుపు ఎంత నల్లగా కనిపించాలో మారుస్తుందే తప్ప దీపాల జోలికి పోదు. ఇన్నేళ్లూ నేను మారుస్తూ వచ్చింది దాన్నే. బ్యాక్‌లైట్ 60కి తెచ్చాను.

నాన్న కాసేపు చూసి, "వెలుగు కాస్త తగ్గినట్టుందేంరా?" అన్నారు. ఎందుకు తగ్గించానో చెప్పాను. లేచి వెళ్లి కర్టెన్లు దగ్గరికి లాగి, వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.