ఆ నలుగురి మాస్టారు

లారీ జాన్సన్ పేరు పర్లాకిమిడిలో నాకు తప్ప ఇంకెవరికైనా తెలుసా అంటే డౌటే. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ లైన్ కోచ్ ఆయన. మా బావమరిది అక్కడ ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటాడు, వాడికి ఒహాయో స్టేట్ యూనివర్సిటీ టీమ్ అంటే పిచ్చి, ఆ పిచ్చి నాకూ అంటించాడు. అక్కడ శనివారం మధ్యాహ్నం మ్యాచ్ మొదలైతే మనకు రాత్రి తొమ్మిదిన్నరో పదిన్నరో అవుతుంది, ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్‌లో సౌండ్ తగ్గించుకుని చూస్తాను. బడిపిల్లలకు కబడ్డీ నేర్పుకునేవాణ్ణి కదా, నా కళ్లు బంతి వెంట పోవు, ముందు వరసలో వంగి ఉన్న నలుగురి మీదే ఉంటాయి.

మనం ఆడే ఫుట్‌బాల్ కాదిది, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడేది. డిఫెన్స్‌లో మొదటి వరసలో మామూలుగా నలుగురు, చివర్లలో ఇద్దరు ఎండ్‌లు, మధ్యలో ఇద్దరు టాకిల్‌లు. ఎదురుగా 140 కిలోల దాకా తూగే మనుషులు ఐదుగురు అడ్డంగా నిలబడతారు. వాళ్లను దాటుకెళ్లి, వెనక నిలబడి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొడితే శాక్. కబడ్డీలో కూతకెళ్లినవాడికే చప్పట్లు, కార్నర్‌లో కాచుకుని చీలమండ పట్టినవాడి పేరు ఇంటికెళ్లేసరికి ఎవరికీ గుర్తుండదు, అక్కడా అదే వరస. ఆ నలుగురికి పని నేర్పే మాస్టారు జాన్సన్.

ఆయన మొదట్లో హైస్కూల్ కోచ్. మేరీలాండ్, వర్జీనియా బడుల్లో చాలా ఏళ్లు గడిపి, 1996లో పెన్ స్టేట్ యూనివర్సిటీలో చేరేనాటికి నలభై దాటాయి. మన దగ్గర ఆ వయసుకి ఇంటి దగ్గరకి బదిలీ కోసం తిరుగుతాం గానీ కొత్త మెట్టు ఎవరెక్కుతారు? అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏటా కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. అక్కడ ఆయన చేతికింద తయారైన కోర్ట్నీ బ్రౌన్ 2000 డ్రాఫ్ట్‌లో దేశం మొత్తానికీ మొదటి పిక్.

ఈ ఉద్యోగంలో ఒక తిరకాసు ఉంది. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద ఉన్న అసిస్టెంట్లందరి కొలువులూ గాలిలో దీపాలే, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. నాకిది బాగా తెలుసు. ఒకప్పుడు నేను పనిచేసిన ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాల్ మారగానే నా కాంట్రాక్టు రెన్యూ కాలేదు, ఎందుకండీ అని అడిగితే గుమాస్తా గొంతు తగ్గించి, "మాస్టారూ, కొత్త మేడమ్ గారు వాళ్ల మనిషిని పెట్టుకుంటున్నారండి" అన్నాడు. పెన్ స్టేట్‌లో 2011లో పెద్ద గొడవ జరిగి, దశాబ్దాల పాటు హెడ్ కోచ్‌గా ఉన్న జో పటెర్నోని తీసేశారు. తర్వాత వచ్చిన బిల్ ఓబ్రయన్ పాతవాళ్లలో ఇద్దర్నే ఉంచుకున్నాడు, అందులో ఒకరు జాన్సన్. రెండేళ్లకు ఓబ్రయన్ కూడా వెళ్లిపోయాడు, కొన్నాళ్లు తాత్కాలికంగా బాధ్యతలు జాన్సన్‌కే అప్పగించారు, పెద్ద కుర్చీలో మాత్రం బయటి నుంచి జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. 18 ఏళ్ల సర్వీసు! నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మాత్రం 2014లో ఒహాయో స్టేట్‌కి మారిపోయి మళ్లీ అదే డిఫెన్సివ్ లైన్ పట్టుకున్నాడు. అక్కడి నుంచి అన్నదమ్ములు జోయి బోసా, నిక్ బోసా, వాళ్ల తర్వాత చేజ్ యంగ్. డ్రాఫ్ట్‌లో వరసగా 3, 2, 2 స్థానాలు. 2020 డిసెంబర్‌లో హెడ్ కోచ్ ర్యాన్ డేకి కోవిడ్ వస్తే మిషిగన్ స్టేట్ మీద మ్యాచ్ జాన్సన్ నడిపించాడు, 52-12తో గెలిచారు. ఒహాయో స్టేట్ టీమ్‌ని హెడ్ కోచ్ స్థానంలో నిలబడి నడిపిన మొదటి నల్లజాతి కోచ్ ఆయనే, అదీ ఒక్క మ్యాచ్‌కి.

ఇంతకీ ఏం నేర్పుతారు? వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్న కథలు వింటూ పెరిగినవాళ్లం, బలం అనగానే మాకు అదే. డిఫెన్సివ్ లైన్‌లో బలం తర్వాతి మాట, మొదటి అడుగే ముఖ్యం. వేళ్లు నేలకి ఆనించి వంగి ఉంటారు, క్వార్టర్‌బ్యాక్ కావాలనే గొంతు పెంచి తగ్గించి అరుస్తుంటాడు, ఆ అరుపు నమ్మి గీత దాటితే 5 గజాల పెనాల్టీ. అందుకే చెవులు మూసుకుని బంతినే చూడమంటారు. కర్ర చివర బంతి కట్టి నేలమీద పెడతారు, కోచ్ ఏదేదో అరుస్తూ ఉన్నట్టుండి కర్ర లాగుతాడు, బంతి కదిలితేనే లేవాలి. ఆ తర్వాత చేతులు: ఎదుటివాడి చేతులు మన ఛాతీకి తగలకముందే వాడి మణికట్టు మీద కొట్టి, నడుము తిప్పి పక్కనుంచి దూరిపోవాలి.

ఇది చూసి మా పిల్లల మీద ప్రయోగించాను. మహేంద్రతనయ నది వైపు ఉన్న గ్రౌండ్‌లో, వెదురు కర్రకి తువ్వాలు కట్టి. సగం మంది నా కేకకే లేచిపోయి ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే ఒక బక్క కుర్రాడు మాత్రం కదల్లేదు. "సార్, కూత వినాలా, కాళ్లు చూడాలా?" అన్నాడు. "నడుము చూడరా, గొంతు మోసం చేస్తుంది" అన్నాను. వాణ్ణి కార్నర్‌లో పెట్టాను.

జాన్సన్ పనితనం చూడాలంటే 2025 జనవరిలో టెక్సాస్ యూనివర్సిటీతో జరిగిన కాలేజీ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ చూడండి. ఒహాయో స్టేట్ 21-14తో ముందుంది, టెక్సాస్ గోల్ లైన్ దగ్గరికొచ్చేసింది, అదే ఆఖరి ఛాన్స్. ఎండ్‌లో ఉన్న జాక్ సాయర్ చుట్టూ తిరిగొచ్చి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోంచి బంతి కొట్టేసి, తనే అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. యూవర్స్ ఒకప్పుడు అతని రూమ్మేట్, అది వేరే సంగతి. అంత బరువున్న కుర్రాడు చివరి గజాలు కాళ్లీడ్చుకుంటూ పరుగెత్తుతుంటే నేను మంచం మీద లేచి నిలబడ్డాను, మా ఆవిడ తిట్టింది. ఫైనల్లో నోట్రడామ్‌ని 34-23తో కొట్టారు.

ఆ లైన్‌లో నలుగురూ, సాయర్, టుయిమోలోవ్, టైలీక్ విలియమ్స్, టై హామిల్టన్, అదే ఏడాది డ్రాఫ్ట్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయారు. నాలుగు స్థానాలూ ఒకేసారి ఖాళీ. "బావా, అంతా కొత్త పిల్లలే, ఈసారి కష్టం" అని మా బావమరిది తెగ టెన్షన్ పడ్డాడు. హైస్కూల్ మాస్టారికి ఏటా పెద్ద క్లాసు వెళ్లిపోవడం, కొత్త పిల్లల్ని మొదటి అడుగు దగ్గర్నుంచి మొదలెట్టించడం మామూలేరా, డెబ్భై దాటినా ఆయన చేసేది అదే పని అని చెప్పి, మ్యాచ్‌ల టైమింగ్స్ పంపమన్నాను.